రంగులరాట్నం దిగిన నాన్నగారు ఎందుకు తూలారు?

జనవరి నెల వచ్చిందంటే హైదరాబాదు పిల్లల నోట వినిపించే మాట నుమాయిష్. నుమాయిష్ అంటే ఉర్దూలో ప్రదర్శన అని అర్థం. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రులు పూనుకొని 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో దీనిని ఆరంభించారు. అప్పుడు అందులో ఉన్నవి సుమారు 50 దుకాణాలే. 1946లో ఇది నాంపల్లిలోని ఇప్పటి మైదానానికి మారింది. ఏటా జనవరి 1న మొదలై దాదాపు నెలన్నర సాగుతుంది. దీని మీద వచ్చే ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలను నడుపుతోంది. ఆడపిల్లల కళాశాలలు కూడా వాటిలో ఉన్నాయి.

పాతబస్తీ కుటుంబాలకు ఇది ఏడాదికొక పండుగ. శాలిబండ నుంచో, లాల్‌దర్వాజ నుంచో బయలుదేరి, చార్మినారు, పత్తర్‌గట్టీ దాటి, నయాపూల్ మీదుగా మూసీ అవతలికి వెళితే మొజంజాహి మార్కెట్టు వస్తుంది. అక్కడి నుంచే జెయింట్ వీల్ దీపాలు కనిపిస్తాయి. అవి కనబడగానే పిల్లలకు కాళ్ళు నిలవవు. దుప్పట్లు, గాజులు, ఊరగాయలు అంటూ పెద్దవాళ్ళు దుకాణాల వైపు లాగుతుంటే, పిల్లలు రాట్నాల వైపు లాగుతారు. చివరికి గెలిచేది పిల్లలే!

అక్కడి నుంచి తమాషా మొదలవుతుంది.

ఇలాంటి కుటుంబాన్ని ఒకదాన్ని ఊహించుకోండి. నాన్నగారు, అమ్మ, నాయనమ్మ, పదేళ్ళ పిల్లవాడు, నాలుగేళ్ళ చెల్లి. “ఏం గాదు బిడ్డా, నేనున్న గదా!” అంటూ నాన్నగారు చెల్లిని తీసుకొని రంగులరాట్నం ఎక్కారు. అది ఆగింది. చెల్లి చెంగున దూకింది. నాన్నగారు మాత్రం తలుపు ఎటో, దారి ఎటో తెలియక తూలుకుంటూ వెళ్ళి పల్లీలమ్మే అతని గంప మీద చెయ్యి వేశారు. జెయింట్ వీల్ ఎక్కిన అమ్మ, పైనుంచి దిగే ప్రతిసారీ “అయ్యో, నా కడుపు!” అని కేక పెట్టింది. రెండు ప్లేట్ల మిర్చి బజ్జీలు తిని గిరగిర తిరిగే కప్పుల్లో కూర్చున్న పిల్లవాడు, ఆ బజ్జీలను అమ్మ కొత్త సంచిలోకి తిరిగి పంపించాడు. ఏమీ ఎక్కకుండా బల్ల మీద కూర్చున్న నాయనమ్మ, “నేను ముందే చెప్పిన!” అని నవ్వింది.

ఇంటికి వచ్చాక వారం రోజులు చెప్పుకొని నవ్వుకొనే ముచ్చట్లివి. కాని ఒక్కసారి ఆలోచించండి. చెల్లి తూలలేదు, నాన్నగారు ఎందుకు తూలారు? చక్రం తిరుగుతుంటే కడుపులో తేలినట్లు ఎందుకుంటుంది? తిరిగింది శరీరమైతే వాంతి ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నలన్నింటికీ మూలం ఒక్కటే. అదేమిటో చూద్దాం.

మనకు తెలియని వేగం

మీరు ఇప్పుడు ఎంత వేగంతో ప్రయాణిస్తున్నారు? “కుర్చీలో కూర్చున్నాను గదా, వేగం ఎక్కడిది?” అంటారేమో. భూమి తన చుట్టూ తాను తిరుగుతోంది. ఆ లెక్కన హైదరాబాదు నగరం, అందులోని చార్మినారు, దాని కింద గాజులు అమ్మేవారు, కొనేవారు అందరూ గంటకు దాదాపు 1,590 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతున్నారు. అయినా ఒక్క గాజైనా కదలదు. ఎవరికీ తల తిరగదు.

ఎందుకని? ఆ వేగం మారడం లేదు కనుక. భూమి తిరిగే దిశ మారుతూనే ఉన్నా, ఒక చుట్టుకు ఒక రోజంతా పడుతుంది కాబట్టి ఆ మార్పు మన శరీరానికి అందనంత స్వల్పం.

పాతబస్తీలోనే మరో ఉదాహరణ ఉంది. బహదూర్‌పురాలో మీరాలం చెరువు పక్కన నెహ్రూ జంతు ప్రదర్శనశాలను 1963లో ప్రజల కోసం తెరిచారు. పులులను చూడడానికి తీసుకువెళితే, అక్కడి చిన్న రైలు ఎక్కి అమ్మ ఒడిలో నిద్రపోయే పిల్లలు ఎందరో! రైలు బయలుదేరినప్పుడు ఒక కుదుపు, ఆగినప్పుడు ఒక కుదుపు. ఆ రెంటి మధ్యా నింపాదిగా పోతున్నంతసేపూ పసివాళ్ళకు అది ఊయల వంటిదే.

దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తోంది. మన శరీరానికి వేగం తెలియదు. వేగంలో వచ్చే మార్పు మాత్రమే తెలుస్తుంది. వేగం పెరిగినా, తగ్గినా, దిశ మారినా సరే, ఆ మార్పునే భౌతికశాస్త్రంలో త్వరణం అంటారు. రాట్నాలు నడిపేవారు మనకు అమ్మేది వేగం కాదు, త్వరణం!

చెవిలో మూడు వలయాలు

ఈ త్వరణాన్ని కనిపెట్టే పరికరం మనలో ఎక్కడుంది? చెవిలో ఉంది. చెవి వినడానికే అనుకుంటాం. కాని లోపలి చెవిలో, కణత ఎముక లోతుల్లో, వినికిడితో సంబంధం లేని మరో యంత్రం దాగి ఉంది. మూడు సన్నని గొట్టాలు అర్ధవృత్తాలుగా వంగి ఉంటాయి. వీటిని అర్ధవర్తుల కుల్యలు అంటారు. ఒక్కొక్క వంపు దాదాపు శనగగింజంత వెడల్పే ఉంటుంది. గది మూలలో నేల, రెండు గోడలు కలుసుకున్నట్లు ఈ మూడూ మూడు వేర్వేరు తలాల్లో అమరి ఉంటాయి. అందువల్ల తలను ఎటు తిప్పినా, వంచినా కనీసం ఒకదానికి తెలిసిపోతుంది.

ఈ గొట్టాల నిండా ద్రవం ఉంటుంది. ప్రతి గొట్టానికీ ఒక చివర ఉబ్బుగా ఉన్న చోట, జిగురు వంటి పదార్థంతో చేసిన చిన్న తలుపులాంటి పొర ఉంటుంది. దానిలోకి సున్నితమైన రోమకణాల వెంట్రుకలు చొచ్చుకొని ఉంటాయి. ద్రవం ఆ పొరను నెడితే వెంట్రుకలు వంగుతాయి. వెంటనే నాడుల ద్వారా మెదడుకు “తల తిరుగుతోంది” అని వార్త పోతుంది.

ఇది ఎలా పనిచేస్తుందో మీ వంటింట్లోనే చూడవచ్చు. గుండ్రటి గిన్నెలో నీళ్ళు పోసి, చిటికెడు టీపొడి చల్లండి. గిన్నెను ఒక తిరగలి మీదనో, నున్నని పళ్ళెం మీదనో పెట్టి మెల్లగా తిప్పండి. మొదట గిన్నె తిరుగుతుంది కాని నీళ్ళు కదలవు. టీపొడి ఉన్నచోటే ఉంటుంది. ఇది జడత్వం. కాసేపు తిప్పుతూనే ఉంటే నీళ్ళు కూడా గిన్నెతో సమంగా తిరగసాగుతాయి. ఇప్పుడు గిన్నెను చటుక్కున ఆపండి. గిన్నె ఆగింది, నీళ్ళు ఆగలేదు!

రంగులరాట్నం మీద నాన్నగారి చెవిలో జరిగింది అచ్చంగా ఇదే. రాట్నం మొదలైనప్పుడు ద్రవం వెనకబడింది. పొర ఒకవైపు వంగింది. “తిరుగుతున్నాను” అని మెదడు సరిగానే గ్రహించింది. సుమారు అరనిమిషం ఒకే వేగంతో తిరిగాక ద్రవం కూడా తలతో కలిసి తిరగసాగింది. పొర నిటారుగా నిలబడింది. కళ్ళు మూసుకొని ఉంటే “తిరగడం ఆగిపోయింది” అనిపించేది. తరువాత రాట్నం నిజంగా ఆగింది. ద్రవం ఆగలేదు. అది పొరను ఈసారి రెండోవైపుకు నెట్టింది. చెవి మెదడుకు, “ఎదురు దిక్కుకు తిరుగుతున్నావు, జాగ్రత్త!” అని చెప్పింది. ఆ మాట నమ్మి మెదడు కాళ్ళను సర్దింది. నేల మాత్రం నిలకడగానే ఉంది. ఫలితం, పల్లీల గంప!

మరి చెల్లి ఎందుకు తూలలేదు? పిల్లలకూ తల తిరుగుతుంది. కాని వాళ్ళు రోజూ గిరగిరా తిరుగుతూ, ఊయలలూగుతూ, పల్టీలు కొడుతూ ఉంటారు. అటువంటి కదలికలకు వాళ్ళ మెదడు అలవాటు పడి ఉంటుంది. నాన్నగారు చివరిసారి ఇలా తిరిగి ఎన్నేళ్ళయిందో! వాడని విద్య మరుపున పడ్డట్టే ఈ అలవాటు కూడా తగ్గిపోతుంది. పైగా చిన్నపిల్లలు పొట్టిగా ఉంటారు కనుక కాస్త తూలినా చప్పున నిలదొక్కుకుంటారు.

నాయనమ్మ బల్ల మీద కూర్చోవడం తెలివైన పనే. లోపలి చెవిలో ఈ వలయాల పక్కనే రెండు చిన్న సంచులు ఉంటాయి. వాటిలో కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు ఉంటాయి. సుద్దరాయిలో ఉండే పదార్థం కూడా ఇదే. తల ఒరిగితే ఈ స్ఫటికాలు ఒరుగుతాయి. కిందిదేదో, పైదేదో మనకు తెలిసేది వీటివల్లనే. వయసు పైబడినవారిలో ఒక్కొక్కప్పుడు ఈ స్ఫటికాలు ఊడి వలయాల్లోకి జారతాయి. అప్పుడు మంచం మీద పక్కకు తిరిగినా గది గిర్రున తిరిగినట్లుంటుంది. కాబట్టి పెద్దవారిని రాట్నం ఎక్కమని బలవంతం చేయకూడదు.

చెవిలో నీళ్ళు పోసిన వైద్యుడు

ఈ రహస్యాన్ని విడదీసినవారిలో రాబర్ట్ బరానీ ముఖ్యుడు. ఆయన ఆస్ట్రియాలోని వియన్నా నగరంలో చెవి వైద్యుడు. రోగుల చెవులను నీటితో కడిగేటప్పుడు కొందరు తల తిరుగుతోందని చెప్పేవారు. అప్పుడు వారి కళ్ళు అదేపనిగా ఒకవైపుకు కదలి వెనక్కి దూకడం ఆయన గమనించాడు. ఒక రోగి, “నీళ్ళు చల్లగా ఉన్నప్పుడే నాకు ఇలా అవుతోంది, ఇంట్లో వెచ్చని నీళ్ళతో కడుక్కుంటే కావడం లేదు” అన్నాడు. సరే, వెచ్చని నీళ్ళు తెమ్మని నర్సుకు చెప్పారు. ఆమె తెచ్చినవి మరీ వేడిగా ఉన్నాయి. రోగి కేక పెట్టాడు. మళ్ళీ తల తిరిగింది! బరానీ చటుక్కున అతని కళ్ళలోకి చూశాడు. ఈసారి కళ్ళు ఎదురు దిక్కుకు కదులుతున్నాయి.

మరొకరైతే నర్సును కోప్పడి ఊరుకునేవారే. బరానీ ఆలోచించాడు. స్నానపు నీళ్ళు కాచే బాయిలరులో వేడినీళ్ళు పైకి చేరతాయి, చల్లనివి అడుగున ఉంటాయి. చెవిలోని ద్రవానికీ అదే జరుగుతోందన్నమాట! చల్లటి నీరు తగిలితే ద్రవం ఒకవైపు ప్రవహిస్తుంది, వేడినీరు తగిలితే రెండోవైపు. తల కదలకపోయినా ద్రవం కదిలితే చాలు, తిరుగుతున్నట్లే ఉంటుంది. ఈ పరిశోధనలకు ఆయనకు 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి ప్రకటించారు. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన రష్యావారి చేతిలో ఖైదీగా ఉన్నాడు! స్వీడన్ రాకుమారుడి జోక్యంతో విడుదలయ్యాక 1916లో బహుమతి అందుకున్నాడు. చెవిలో వేడి, చల్లని నీళ్ళతో చేసే ఆ పరీక్షను వైద్యులు నేటికీ చేస్తున్నారు. మీరు మాత్రం ఇంట్లో చెవిలో నీళ్ళు పోసుకోకండి. అది వైద్యుల పని.

కడుపులో తేలినట్లు ఎందుకు?

ఇక అమ్మ కేక సంగతి. జెయింట్ వీల్‌కు మూలపురుషుడు జార్జ్ ఫెర్రిస్ అనే అమెరికా ఇంజనీరు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన కోసం ఆయన 80 మీటర్ల ఎత్తున ఒక చక్రం నిలబెట్టాడు. దానికి 36 పెట్టెలు, ఒక్కొక్క దానిలో 60 మంది. అంటే ఒకేసారి 2,160 మంది ఎక్కవచ్చు. మన తిరునాళ్ళలో కనిపించే చక్రాలు దాని ముందు మరుగుజ్జులే. అయినా అవి ఫెర్రిస్ చక్రం కన్నా చాలా చురుకుగా తిరుగుతాయి. కడుపులో తమాషా అంతా ఆ చురుకుతనంలోనే ఉంది.

లెక్క వేద్దాం. చక్రం వ్యాసార్థం 10 మీటర్లు, ఒక చుట్టుకు 20 సెకన్లు అనుకోండి. గుండ్రంగా తిరిగే వస్తువుకు కేంద్రం వైపు ఒక త్వరణం ఉంటుంది. దానిని అభికేంద్ర త్వరణం అంటారు. కోణీయ వేగం వర్గాన్ని వ్యాసార్థంతో గుణిస్తే అది వస్తుంది. ఇక్కడ కోణీయ వేగం సెకనుకు 0.314 రేడియన్లు. కాబట్టి త్వరణం సెకను వర్గానికి దాదాపు ఒక మీటరు. గురుత్వ త్వరణం 9.8. అంటే ఇది అందులో సుమారు పదో వంతు.

చక్రం శిఖరాన ఉన్నప్పుడు కేంద్రం మీ కింద ఉంటుంది. కాబట్టి మీ బరువులో పదో వంతు మిమ్మల్ని వంపు తిప్పడానికే ఖర్చవుతుంది. పీట మిమ్మల్ని పైకి నెట్టే బలం అంతమేరకు తగ్గుతుంది. 40 కిలోల బరువున్న మీరు 36 కిలోలే ఉన్నట్లు అనిపిస్తుంది. అడుగుకు వచ్చినప్పుడు సరిగ్గా దీనికి ఎదురు. పీట మీ బరువును మోయడమే కాక మిమ్మల్ని పైకి వంపు తిప్పాలి. అక్కడ 44 కిలోలు ఉన్నట్లు ఉంటుంది.

చక్రాన్ని రెండింతల వేగంతో, 10 సెకన్లకు ఒక చుట్టుగా తిప్పితే? త్వరణం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. పైన 24 కిలోలు, కింద 56 కిలోలు! “ఇంకొంచెం జోరుగా తిప్పన్నా!” అని అరిచే అన్నలూ అక్కలూ ఈ నాలుగింతల సంగతి గుర్తుంచుకోవాలి.

మన పొట్ట, పేగులు, కాలేయం లోపల పొరల సాయంతో వేలాడుతున్నట్లు ఉంటాయి. మామూలుగా వాటి బరువు ఆ పొరలను కిందికి లాగుతూ ఉంటుంది. పైనుంచి దిగేటప్పుడు ఆ లాగుడు తటాలున తగ్గుతుంది. అవయవాలు కాస్త పైకి జరుగుతాయి. ఆ మార్పునే మనం “కడుపులో ఏదో అయింది” అంటాం. లిఫ్టు కిందికి బయలుదేరినప్పుడు, బస్సు ఎత్తు వంతెన దిగినప్పుడు కలిగేది కూడా ఇదే. అమ్మ పిరికిది కాదు. ఆమె శరీరం త్వరణాన్ని సరిగ్గా కొలిచింది, అంతే!

బజ్జీలు తిరిగి ఎందుకు వచ్చాయి?

మన కదలిక గురించి మెదడుకు మూడు చోట్ల నుంచి వార్తలు అందుతాయి. కళ్ళు, లోపలి చెవి, కండరాలు. మూడూ ఒకే మాట చెబితే ఇబ్బంది లేదు. గిరగిర తిరిగే కప్పులో కూర్చొని ఎదురుగా ఉన్న స్నేహితుడి ముఖం చూస్తుంటే, “ఇతను కదలడం లేదు” అంటాయి కళ్ళు. “విపరీతంగా తిరుగుతున్నాం” అంటుంది చెవి. సాక్షులు తలా ఒక మాట చెబితే న్యాయమూర్తి తికమకపడినట్లు మెదడు తికమకపడుతుంది. చెమట పడుతుంది. నోట నీళ్ళూరతాయి. వికారం మొదలవుతుంది.

సాక్షులు తగవులాడితే వాంతి ఎందుకు? ట్రైస్‌మన్ అనే శాస్త్రవేత్త 1977లో ఒక ఊహ చెప్పాడు. ఆదిమానవుడికి రాట్నాలు లేవు. కళ్ళూ చెవులూ పొత్తు కుదరని స్థితి అతనికి ఎక్కువగా ఏదైనా విషపు కాయ తిన్నప్పుడే వచ్చి ఉంటుంది. అందుకే మెదడు “తిన్నది విషమేమో, బయటికి పంపు!” అని ఆజ్ఞ ఇస్తుందట. ఇది ఇంకా పూర్తిగా రుజువు కాలేదు. కాని ఆలోచింపజేసే ఊహ గదా! మంచి బజ్జీలు పాపం విషం కింద లెక్కకు వచ్చాయి.

రెండేళ్ళలోపు పసిపిల్లలకు ఈ ప్రయాణపు వికారం అరుదు. ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ మధ్య ఎక్కువగా ఉంటుంది. ఆ తరువాత క్రమంగా తగ్గుతుంది. మన కథలోని పిల్లవాడికి పదేళ్ళు. అమ్మ సంచికి అపాయం ఉన్న వయసే! ముందు రాట్నం, తరువాత బజ్జీ. ఈ ఒక్క వరుస పాటిస్తే సగం ఇబ్బంది తప్పుతుంది. తిరిగేటప్పుడు దగ్గరి వస్తువులను కాక, దూరాన నిలకడగా ఉన్నదాన్ని చూడడం కూడా మేలు చేస్తుంది.

తిండి మాట వచ్చింది కనుక పీచుమిఠాయిని కూడా తలుచుకుందాం. పాతబస్తీలో దీన్ని ‘బుడ్ఢీ కే బాల్’, అంటే ముసలమ్మ జుట్టు అంటారు. ఇదీ తిరగడం వల్ల పుట్టిన వస్తువే. కరిగిన చక్కెరను సన్నని రంధ్రాలున్న గిన్నెలో పోసి నిమిషానికి వేల చుట్లు తిప్పుతారు. జడత్వం వల్ల పాకం రంధ్రాల గుండా బయటికి చిమ్మి, గాలి తగలగానే దారాలుగా గట్టిపడుతుంది. ఈ యంత్రాన్ని 1897లో కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు విలియం మోరిసన్. ఆయన వృత్తి ఏమిటో తెలుసా? పళ్ళ డాక్టరు! చక్కెర దారాలు గాలిలోని తేమను త్వరగా పీల్చుకుంటాయి. అందుకే పక్కింటి పాప కోసమని విప్పిన పొట్లం దాచి ఇంటికి తెస్తే, తలగడంత మిఠాయి నిమ్మకాయంత ముద్దగా మారిపోతుంది.

గోడ మీద మోటారు సైకిలు

నుమాయిష్‌లో చూసేవారి గుండె ఆగేటట్లు చేసేది మృత్యుకూపం. హైదరాబాదీలు ‘మౌత్ కా కువా’ అంటారు. చెక్కలతో కట్టిన నూతిలో నిట్టనిలువు గోడ మీద మోటారు సైకిలు గిర్రున తిరుగుతుంది. అది ఎందుకు పడిపోదు?

గుండ్రంగా తిరగాలంటే గోడ బండిని లోపలికి నెట్టాలి. ఆ నెట్టుడు ఎంత ఎక్కువైతే టైరుకూ గోడకూ మధ్య ఘర్షణ అంత ఎక్కువ. ఆ ఘర్షణే బండిని కిందికి జారకుండా పట్టి ఉంచుతుంది. నూతి వ్యాసార్థం 5 మీటర్లు, ఘర్షణ గుణకం 0.6 అనుకుంటే, బండి కనీసం సెకనుకు 9 మీటర్లు, అంటే గంటకు దాదాపు 33 కిలోమీటర్ల వేగంతో పోవాలి. అంతకన్నా తగ్గితే జారిపోవడమే. చెక్క మీద నీటి చుక్కలు పడినా, టైరు అరిగినా ఘర్షణ తగ్గుతుంది. అప్పుడు ఆ వేగం చాలదు. నడిపే మనిషి ఒంటి మీద ఆ సమయంలో తన బరువుకు దాదాపు రెండింతల భారం ఉంటుంది. ఏళ్ళ తరబడి చేసిన సాధనతో అతని మెదడు ఆ తిరుగుడుకు అలవాటు పడి ఉంటుంది. అది చూసి వచ్చి ఇంటి గోడ మీద సైకిలు ఎక్కించబోయేవారికి ఆ వేగమూ లేదు, ఆ సాధనా లేదు.

గీత దగ్గర మునివేళ్ళ మీద నిలబడకండి

ఇంతవరకు నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వకూడని సంగతి ఒకటి చెప్పుకోవాలి.

పెద్ద రాట్నాల దగ్గర ఎత్తు కొలిచే గీత ఒకటి ఉంటుంది. దానికి అందని పిల్లలను ఎక్కనివ్వరు. అప్పుడు ఏం జరుగుతుంది? పిల్లలు మునివేళ్ళ మీద లేస్తారు. అమ్మానాన్నలు, “వాడికి భయం లేదన్నా, ఎక్కించుకో” అని బతిమాలుతారు. లేదా “నా ఒళ్ళో కూర్చోబెట్టుకుంటా” అంటారు.

ఆ గీత భయాన్ని కొలవడానికి కాదు. ముందున్న కడ్డీ, నడుము పట్టీ ఒక కొలత మనిషికి సరిపడేలా చేసినవి. అంతకన్నా చిన్నపిల్లలు ఆ సందులోంచి జారిపోగలరు. పైగా చిన్నపిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ, మెడ కండరాల బలం తక్కువ. కుదుపును వాళ్ళ మెడ తట్టుకోలేదు.

ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం మరీ పొరపాటు. ఢీకొట్టే బుల్లి కార్లను తీసుకోండి. గంటకు 8 కిలోమీటర్లంటే నడక కన్నా కాస్తే ఎక్కువ వేగం. ఆ వేగంతో పోయే కారు పదో వంతు సెకనులో ఆగిందనుకోండి. 15 కిలోల పాపను ఆపడానికి ఆ క్షణంలో 34 కిలోల బరువును మోసేంత బలం కావాలి. అదీ ముందుగా తెలియకుండా, కన్ను మూసి తెరిచేలోగా! అమ్మ ప్రేమకు హద్దు లేకపోవచ్చు, కాని చేతుల బలానికి హద్దు ఉంది. ఆ పని చేయవలసింది పట్టీ.

పట్టీ విలువ ఎంతో 2025 జనవరిలో నుమాయిష్‌లోనే అందరూ చూశారు. తిరిగే రాట్నం ఒకటి చెడిపోయి, అందులోనివారు తలకిందులుగా ఉన్నప్పుడే ఆగిపోయింది. కొంతసేపు వారు అలాగే వేలాడవలసి వచ్చింది. తిరుగుతున్నప్పుడు జడత్వం మనలను పీటకు అదిమి ఉంచవచ్చు. ఆగిపోయాక ఆ సాయం ఉండదు. ఒంటి బరువంతా పట్టీల మీదే పడుతుంది.

చేతిలోని వస్తువులకు పట్టీలు ఉండవు. 20 మీటర్ల ఎత్తు నుంచి సెల్‌ఫోను జారితే, నేలను తాకేటప్పటికి దాని వేగం గంటకు దాదాపు 71 కిలోమీటర్లు. కింద వరుసలో ఎవరి తల ఉందో! ఫొటో నేల మీద తీసుకోవచ్చు. చున్నీలు, పొడవైన జడలు కూడా బిగించి కట్టుకోవాలి. తిరిగే ఇరుసుకు గుడ్డ కొస చుట్టుకుంటే, యంత్రం ఆగేలోగా మొత్తం గుడ్డను లాగేస్తుంది.

కాబట్టి గీతకు అందని తమ్ముడు ఏడిస్తే, వాడిని మునివేళ్ళ మీద నిలబెట్టకండి. వచ్చే ఏడు వాడు పెరుగుతాడు, రాట్నం ఎక్కడికీ పోదు.

మీరు చేసి చూడండి

1. స్నేహితుణ్ణి పచ్చిక మీద కళ్ళు మూసుకొని, పది చుట్లు మెల్లగా తిరగమనండి. ఆగాక కూర్చోబెట్టి కళ్ళు తెరవమనండి. కనుగుడ్లు ఒకవైపుకు జరిగి వెనక్కి దూకడం కనిపిస్తుంది. బరానీ చూసిన కదలిక ఇదే. ఎన్ని సెకన్లకు ఆగిందో లెక్కపెట్టండి. పక్కన రాళ్ళు, గోడలు లేకుండా చూసుకోండి.

2. చిన్న బకెట్‌లో సగం నీళ్ళు పోసి, ఆరుబయట చేత్తో నిలువుగా గుండ్రంగా తిప్పండి. భుజం నుంచి నీటి వరకు ఒక మీటరు దూరం ఉంటే, రెండు సెకన్లలోపు ఒక చుట్టు పూర్తయ్యేలా తిప్పితే నీళ్ళు ఒలకవు. ఎందుకో పై లెక్కల సాయంతో మీరే చెప్పండి. నెమ్మదిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు, తువ్వాలు దగ్గర పెట్టుకోండి!

3. లిఫ్టు ఉన్న భవనానికి వెళ్ళినప్పుడు బరువు చూసే యంత్రం మీద నిలబడి, బయలుదేరేటప్పుడు, మధ్యలో, ఆగేటప్పుడు ముల్లు ఎక్కడుందో రాసుకోండి. మూడింటిలో ఎప్పుడు మీ అసలు బరువు చూపిందో గమనిస్తే, శరీరానికి తెలిసేది వేగం కాదు, వేగంలోని మార్పే అన్న మాట మీకు మీరే రుజువు చేసుకున్నట్లవుతుంది.